అగ్గి వస్తే గుట్ట పైకి ఉరకొద్దు



ఎండాకాలం మన అడవుల్లో అగ్గి లేస్తుంది. ఇప్పపువ్వు ఏరేవాళ్లు చెట్టు కింద ఎండాకు కాలుస్తారు. సరిగా ఆర్పకపోతే పాకిపోతుంది. ఇది అందరికీ తెలుసు. అగ్గి ఎదురొస్తే ఏం చేయాలో మాత్రం కొందరికే తెలుసు. అందుకే సైన్సు మేడం చెప్పిన ఒక నిజమైన సంగతి రాస్తున్నాను.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో మాన్ గల్చ్ అనే లోయ ఉంది. 1949 ఆగస్టు 5న అక్కడ అడవి తగలబడుతోంది. ఆర్పడానికి 15 మంది విమానంలోంచి పారాచూట్లతో దిగారు. కింద ఇంకొకతను కలిశాడు. మొత్తం 16 మంది. నది వైపు దిగుతుంటే అగ్గి ఎదురొచ్చింది. వెనక్కి తిరిగి కొండ పైకి పరుగెత్తారు.

ఇక్కడే సైన్సు ఉంది. వేడి పైకి పోతుంది కదా. వాలు మీద మంట పైనున్న గడ్డికి దగ్గరగా ఉండి దాన్ని ముందే వేడెక్కిస్తుంది. అందుకని పైకి పోయేకొద్దీ అగ్గికి జోరు, మనకు ఆయాసం.

వాళ్ల నాయకుడు వాగ్నర్ డాడ్జ్. ఆయన ఆగి, అగ్గిపుల్ల గీసి, ముందున్న గడ్డికే నిప్పు పెట్టాడు. కాలిన చోటులోకి రమ్మని అందర్నీ పిలిచాడు. ఎవ్వరూ రాలేదు. వెనక అగ్గి తరుముతుంటే ముందు ఇంకో అగ్గి పెట్టేవాణ్ణి ఎవరు నమ్ముతారు? ఆయన ఆ బూడిదలో బోర్లా పడుకొని బతికాడు. కొండ అంచు దాటి ఇద్దరు బతికారు. 13 మంది చనిపోయారు.

వాళ్లు పని రానివాళ్లు కాదు. దూకడం, తవ్వడం అన్నీ నేర్చినవాళ్లే. ఈ ఒక్కటి ఎవరూ ముందుగా చూపించలేదు. అక్కడి గడ్డి మైదానాల ఆదివాసులకు మాత్రం ఈ ఉపాయం ఎప్పటినుంచో తెలుసంట.

అది వినగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఒకసారి ఇప్పపువ్వుకి పోయినప్పుడు గాలి తిరిగింది. నేను, తమ్ముడు గుట్ట పైకి ఉరికాం. నాయనమ్మ రెక్క పట్టి లాగి, పొద్దున కాల్చిన నల్లటి జాగాలో నిలబెట్టింది. కాళ్లు చుర్రుమన్నాయి. అక్కడ కాలడానికి ఏమీ లేదు, అగ్గి పక్కనుంచి పోయింది. నేను మాట విన్నది తెలివితో కాదు, ఆమె అంటే భయంతో. (ఇది చదివి ఎవరూ అగ్గిపెట్టె పట్టుకోవద్దు. కాలి చల్లారిన చోటు వెతుక్కోవాలి, అంతే.)

1957లో అమెరికాలో అగ్గి ఆర్పేవాళ్లకు 10 సూత్రాలు రాశారు. కాపలా మనిషిని పెట్టు, తప్పించుకునే దారి ముందే చూసుకో, ఇట్లా. అయినా 1994 జూలై 6న కొలరాడోలో స్టార్మ్ కింగ్ కొండ మీద 14 మంది చనిపోయారు. కొందరు పరుగెత్తేటప్పుడు కూడా పనిముట్లు వదల్లేదంట. సూత్రాలు తెలియక కాదు. మనం పద్యం బట్టీ పట్టి బోర్డు దగ్గర మర్చిపోతాం కదా, అలాంటిదే అనుకుంటా.

మన హాస్టల్ వెనక ఎండు గడ్డి గోడ దాకా ఉంది. వార్డెన్ మేడంగారూ, ఫిబ్రవరిలోపు గడ్డి కోసి, ఆకు ఊడ్చి, గోడ చుట్టూ మట్టి కనిపించేలా బాట తీద్దాం. ఆదివారం బట్టలు ఉతికాక మేమంతా వస్తాం. తర్వాత ఒక రాత్రి గంట కొట్టి, ఎటు పోవాలో పరుగెత్తి చూద్దాం. 3వ తరగతి పిల్లలు లేపితే లేవరు. వాళ్లతోనే మొదలుపెట్టాలి.

– 9వ తరగతి విద్యార్థిని