కత్తికెంత? కలానికెంత?



ఏటా ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్టు వెలువడగానే మన ఇళ్లలోనూ, అరుగుల మీదా ఒక మాట వినిపిస్తుంది: "తుపాకులకు అంత డబ్బు, బడులకు ఇంతేనా?" వెంటనే ఇంకొకరు, "సరిహద్దు నిలవకపోతే బడి ఎక్కడ నిలుస్తుందయ్యా?" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే తూకం వేసేముందు త్రాసు సరిగా ఉందో లేదో చూసుకోవాలి కదా! ఈ వారం ఆ పని చేద్దాం.

1. అంకెలు ఏమంటున్నాయి?

2025–26 బడ్జెట్టులో రక్షణకు 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు, కేంద్ర విద్యాశాఖకు 1 లక్షా 28 వేల కోట్లు కేటాయించారు. చూడగానే ఐదింతల తేడా కనిపిస్తుంది. కాని రక్షణ పూర్తిగా కేంద్రం బాధ్యత. విద్య 1976 నుండి ఉమ్మడి జాబితాలో ఉంది. బడుల ఖర్చులో ఎక్కువ భాగం రాష్ట్రాలే భరిస్తాయి. కేంద్రం, రాష్ట్రాలు పెట్టేదంతా కలిపితే విద్యావ్యయం రక్షణ వ్యయాన్ని మించుతుంది. పైగా రక్షణ సొమ్మంతా ఆయుధాలకే పోదు. అందులో సుమారు 1 లక్షా 60 వేల కోట్లు పింఛన్లవే. కాబట్టి రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఆవేశపడడం న్యాయం కాదు.

2. మరి లోటు ఎక్కడుంది?

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. రెండేళ్లలోనే మన రక్షణ వ్యయం రెండింతలు దాటింది. ముప్పు కళ్లెదుట ఉన్నప్పుడు అది తప్పు కాదు. 1964లో ఏర్పడిన కొఠారి కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు చేయాలని సూచించింది. 1968 జాతీయ విద్యావిధానం ఆ లక్ష్యాన్ని అంగీకరించింది. 1986 విధానం మళ్లీ చెప్పింది. 2020 విధానం మరోసారి చెప్పింది. ఆ మెట్టు మాత్రం ఇంకా ఎక్కలేదు.

తేడా గమనించారా? సరిహద్దులో ఫిరంగి మోగితే దేశమంతా ఉలిక్కిపడుతుంది, డబ్బు దొరుకుతుంది. పలక పట్టవలసిన పిల్ల పశువుల వెంట పోతే ఏ చప్పుడూ ఉండదు. అందుకే ఆమె వాటా వాయిదా పడుతుంది. 1968లో ఒకటో తరగతిలో చేరవలసిన పిల్లకు ఇప్పుడు అరవై దాటాయి. ఆగిపోయిన వంతెన పదేళ్ల తరువాతైనా కట్టవచ్చు. ఆరేళ్ల వయసు మళ్లీ రాదు.

3. శ్రీసభ ఏమంటుంది?

1965లో రెండవ వాటికన్ మహాసభ రెండు మాటలు చెప్పింది. శాంతి ప్రయత్నాలన్నీ విఫలమైనప్పుడు ఆత్మరక్షణ చేసుకునే హక్కు ప్రభుత్వాలకు ఉంది. ఆయుధపోటీ మాత్రం పేదలను భరించలేనంతగా గాయపరుస్తుంది. మొదటిది మరచి రెండవదే చెబితే సైనికునికి అన్యాయం. రెండవది మరచి మొదటిదే చెబితే పేదవానికి అన్యాయం. జగద్గురువులు 6వ పౌలు గారు 1964 డిసెంబరులో దివ్యసత్ప్రసాద మహాసభకు బొంబాయి వచ్చినప్పుడు, దేశాలు తమ ఆయుధ వ్యయంలో కొంత తీసి పేదల కోసం ఒక ప్రపంచ నిధి ఏర్పరచాలని కోరారు. 1967 నాటి విశ్వలేఖలో ఆ విన్నపాన్ని మళ్లీ వినిపించారు. ఆయన సైన్యాన్ని రద్దు చేయమనలేదు. కొంత భాగం అడిగారు.

4. ఇవి ఒకదానికొకటి శత్రువులా?

1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల సంచాలకులుగా వచ్చిన అబ్దుల్ కలాం గారు రామేశ్వరంలో ఒక పడవ యజమాని కుమారుడు. అక్కడి బడిలో అక్షరాలు దిద్ది, తిరుచిరాపల్లిలో యేసుసభ గురువుల సెయింట్ జోసెఫ్స్ కళాశాలలో చదివారు. ఆ బడి లేకపోతే ఆ క్షిపణి లేదు. 2024లో అరుణాచల్ ప్రదేశ్‌లో ప్రారంభమైన సేలా సొరంగం చూడండి. తవాంగ్ వైపు సైనిక వాహనం పోయే దారిలోనే రోగి ఆసుపత్రికి పోతాడు. బడి, బాట కూడా దేశ రక్షణలో భాగమే.

కనుక మనం అడగవలసింది "సైన్యానికి ఎంత కోయాలి?" అని కాదు. "సరిహద్దు అవసరానికి గడువు పెట్టినట్టే, బడికిచ్చిన మాటకూ గడువు ఎందుకు పెట్టరు?" అని. ఓటు అడగవచ్చిన వారిని, ఏ పార్టీవారైనా సరే, ఈ ప్రశ్న మర్యాదగా అడగండి. జవాబులో సంవత్సరం ఉందో లేదో చూడండి.

ఇంటిలో చర్చించుకోండి:

అ) మన ఊరి ప్రభుత్వ బడిలో ఎందరు పిల్లలు, ఎందరు ఉపాధ్యాయులు ఉన్నారు?

ఆ) మన విచారణలో బడి మానేసిన బిడ్డ ఎవరు? ఆ ఇంటికి మనం ఎప్పుడు వెళ్తున్నాం?