స్వల్పాదాయ కుటుంబము – సొంత ఇంటి లెక్క

మానవునకు కూడు, గుడ్డ, గూడు ప్రాథమికావసరములని అర్థశాస్త్రపు తొలి పాఠములోనే చదువుకొందుము. మొదటి రెండును నెల జీతముతో తీరును. మూడవది ఒక జీవితకాలపు సంపాదనను కోరును. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక అనలేదు.

2011లో మా అన్నగారు ఒక చిన్న ఇల్లు బేరము చేసిరి. ధర కుదిరినది, బయానా ఇచ్చిరి, అప్పు మంజూరైనది. రిజిస్ట్రేషనుకు వారము ముందు చూడగా స్టాంపు ఖర్చు, వకీలు రుసుము, కరెంటు మీటరు, తలుపుల పని ఎవరి లెక్కలోను లేవు. మా అమ్మగారు చేతి గాజులు తీసి ఇచ్చిరి. అవి తాకట్టు నుండి విడిపించుటకు మూడేండ్లు పట్టినది. గృహప్రవేశము నాటి ఫోటోలో ఆమె చేతులు కొంగు చాటున ఉన్నవి. వాణిజ్యశాస్త్రము బోధించు నేను ఆనాడు ఆ లెక్క అడుగలేదు. ఈ వ్యాసమునకు కారణము అదియే.

1. దొరకు అప్పు – మోయగల అప్పు

ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి బ్యాంకు జవాబు చెప్పును. రెండవదానికి మన వంటగది మాత్రమే చెప్పగలదు.

ఒక కుటుంబమును ఊహింతము. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. చేతికి వచ్చు ఆదాయము నెలకు రూ. 45,000. వారి ఖర్చులు ఇట్లున్నవి:

ఇంటి అద్దె – 9,000
బియ్యము, పప్పు, పాలు, కూరలు, గ్యాసు – 12,000
పిల్లల చదువు – 5,000
ప్రయాణము – 4,000
మందులు, బీమా – 3,000
కరెంటు, ఫోను – 2,000
ఊరిలోని తల్లిదండ్రులకు – 3,000
పండుగలు, పెళ్ళిళ్ళు, బట్టలు – 3,000

మొత్తము రూ. 41,000, మిగులు రూ. 4,000. పండుగలు, పెళ్ళిళ్ళు ప్రతి నెలా రావు గనుక చాలమంది వాటిని లెక్కలో వ్రాయరు. ఏడాది ఖర్చును పన్నెండుతో భాగించి వ్రాయవలెను.

9 శాతము వడ్డీపై 20 సంవత్సరముల గడువునకు లక్ష రూపాయల అప్పునకు నెల వాయిదా సుమారు రూ. 900. ఈ ఒక్క అంకెను కంఠస్థము చేసినచో సగము మోసములు తప్పును. అప్పు ఇచ్చువారు ఆదాయములో 40 శాతము వరకు వాయిదాకు అనుమతించిరనుకొందము. అప్పుడు వాయిదా రూ. 18,000, అప్పు రూ. 20 లక్షలు.

ఇక ఇంటి లెక్క చూడుడు. సొంత ఇంట చేరిన పిదప అద్దె 9,000 మిగులును. దానికి పాత మిగులు 4,000 కలుపగా 13,000. ఇందులో ఆస్తిపన్ను, మరమ్మతులు, నిర్వహణ ఖర్చునకు 1,500. వడ్డీ పెరుగుదలకు జాగ్రత్తగా 1,000 తీసివేయగా 10,500. దీనికి సరిపడు అప్పు 11.5 లక్షలే. బ్యాంకు చెప్పిన అంకెలో ఇది ఇంచుమించు సగము.

ఆ వేయి రూపాయల జాగ్రత్త అనవసరమని తోచవచ్చును. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2022 మే ఆరంభమున 4 శాతము ఉండగా 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతమునకు చేరినది. మారు వడ్డీపై అప్పు తీసికొన్న వారందరిపై ఆ భారము పడినది. 11.5 లక్షల అప్పుపై వడ్డీ ఒక్క శాతము పెరిగినను వాయిదా సుమారు రూ. 750 పెరుగును; లేదా గడువు సాగును.

2. ఇంటి ధర – ఇంటి ఖర్చు

ఈ కుటుంబమునకు ఆరు లక్షల పొదుపు కలదనుకొందము. మూడు నెలల ఖర్చు, అనగా 1,25,000, రోగమునకు, ఉద్యోగ భంగమునకు ముట్టరాని నిధి. మిగిలినది 4,75,000. అప్పు కలుపగా 16,25,000. ఇది ఇంటి ధర కాదు, ఇంటి ఖర్చు.

తెలంగాణలో విక్రయ దస్తావేజుపై స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 2021 జూలై నుండి 7.5 శాతము. 30 లక్షల లోపు అప్పులలో ఇంటి విలువలో 90 శాతము వరకు అప్పు ఇయ్యవచ్చునని రిజర్వు బ్యాంకు నియమము. కాని ఇంటి ధర 10 లక్షలు దాటినచో ఈ రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో చేర్చరాదు. అవి మన చేతి నుండియే పోవలెను. మా అమ్మగారి గాజులు పోయినది ఈ సందులోనే.

కావున ఇంటి ధర 14,50,000. రిజిస్ట్రేషను సుమారు 1,09,000. వకీలు, బ్యాంకు రుసుము, మీటరు, ఫ్యాన్లు, సామాను తరలింపు 66,000. లెక్క సరిపోయినది. పొదుపు ఆరు లక్షలకు బ్యాంకు చెప్పిన ఇరువది కలిపి 26 లక్షల ఇల్లు చూచుటకు బయలుదేరువాడు ఎక్కడ చిక్కుకొనునో ఇప్పుడు బోధపడును.

3. అగ్గువ ఇల్లు అగ్గువయేనా?

పద్నాలుగున్నర లక్షలకు హైదరాబాదు నడిబొడ్డున ఇల్లు దొరకదు. దూరము పోవలెను, లేదా చిన్నది, పాతది చూడవలెను, లేదా ఆగవలెను. దూరము పోయినచో నెలకు ప్రయాణ వ్యయము 2,700 పెరిగినదనుకొనుడు. అది మూడు లక్షల అప్పు వాయిదాతో సమానము. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు తీసికొన్నచో తాళపుచెవి చేతికి వచ్చువరకు అద్దె ఆగదు. అప్పు భారము మొదలగును.

స్థలము చౌకయని అనుమతి లేని లేఅవుటులో కొనుట అన్నిటికంటె ఖరీదైన పని. లేఅవుటు అనుమతి, ఈసీ, లింకు దస్తావేజులు, వర్తించు చోట రెరా సంఖ్య చూడక బయానా ఇయ్యరాదు. 2016 నాటి రెరా చట్టము ప్రకారము నమోదైన ఒప్పందము లేక ప్రాజెక్టు యజమాని ధరలో పది శాతమునకు మించి తీసికొనరాదు.

వడ్డీ ఇచ్చుట తమ ధర్మమునకు విరుద్ధమని భావించు కుటుంబములు మనలో ఉన్నవి. వారికిని ఇదే లెక్క. అప్పు వరుస మాత్రము ఉండదు. ముందు స్థలము, పిదప ఒక గది, మరికొన్నేండ్లకు రెండవ గది. కాలము ఎక్కువ పట్టును. కాని 11.5 లక్షల అప్పునకు ఇరువది ఏండ్లలో 13 లక్షలకు పైగా వడ్డీ కట్టవలసి వచ్చునని మరువరాదు.

4. ఒక సంవత్సరపు పరీక్ష

విద్యార్థులారా, మీలో అనేకులు కొద్ది యేండ్లలో సంపాదనపరులగుదురు. ఇల్లు చూడకముందు ఒక్క ఏడాది ఈ పరీక్ష చేసికొనుడు. జీతము వచ్చిన నాడే, అద్దె ఇచ్చిన పిదప, వాయిదాలో మిగిలిన భాగమును, నిర్వహణ ఖర్చును, వడ్డీ పెరుగుదలకు ఉంచిన జాగ్రత్త మొత్తమును వేరు ఖాతాలో వేయుడు. పై కుటుంబమునకు అది నెలకు 4,000. పన్నెండు నెలలును ముట్టకుండ ఉన్నచో 48,000 కూడును. మోయగల శక్తి కలదని నిశ్చయమగును. మూడవ నెలలోనే తీయవలసి వచ్చినచో నష్టమేమియు లేదు. అంకె తగ్గించి మరల ఆరంభింపుడు. కాగితముపై తప్పిన లెక్క దిద్దుకొనవచ్చును. రిజిస్ట్రేషను పిదప తప్పిన లెక్కను ఇంటిల్లిపాదియు మోయవలెను.

చివరిగా ఒక మాట. ఆ లెక్క ఒంటరిగా వేయకుడు. భార్య, తల్లి, తండ్రి అందరిని కూర్చుండబెట్టి వేయుడు. ఎవరి గాజులు ఎప్పుడు అవసరపడునో వారికి ముందుగా తెలియుట న్యాయము. అసలు అవసరపడకుండ చూచుట మన బాధ్యత.