కత్తి భయం తీర్చిన డాక్టరు



వేసెక్టమీ అనగానే చాలామంది మగవారికి కత్తి భయం. చైనాలో చోంగ్‌చింగ్ నగరపు సర్జను లీ షున్‌చియాంగ్ ఆ భయాన్ని కొట్టిపారెయ్యలేదు. 1974లో కత్తి కోత లేని పద్ధతి కనిపెట్టారు.

అదెలాగ? వృషణాల్లో, అంటే బీజాల్లో, వీర్యకణాలు తయారై రెండు సన్నని గొట్టాల గుండా వస్తాయి. ముందు మత్తు సూది వేస్తారు. లీ తయారుచేసిన ఒక పరికరం చర్మం పైనుంచే గొట్టాన్ని పట్టి ఉంచుతుంది. మొన తేలిన మరొకటి చిన్న రంధ్రం చేస్తుంది. అందులోంచి గొట్టాన్ని పైకి తీసి, కత్తిరించి, మూసేస్తారు. కుట్లు అక్కర్లేదు. పాత పద్ధతి కంటే రక్తం పోవడం, చీము పట్టడం తక్కువ.

1985లో ఇతర దేశాల డాక్టర్లు చైనా వెళ్లి ఈ పద్ధతి చూశారు. తర్వాత ఇది మన దేశానికీ వచ్చింది.

“మరి మగతనం తగ్గదా?” తగ్గదు. మగతనాన్నిచ్చే హార్మోను ఆ గొట్టాల్లోంచి రాదు. బీజాల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. వీర్యమూ ఎప్పటిలాగే వస్తుంది. అందులో కణాలు మాత్రం ఉండవు.

మూడు సంగతులు గుర్తుంచుకోండి:

1. ఆపరేషను కాగానే ఫలితం రాదు. మూడు నెలలు నిరోధ్ వాడి, తర్వాత వీర్యపరీక్ష చేయించుకోవాలి. కణాలు లేవని తేలేదాకా నిరోధ్ మానకూడదు.

2. సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు.

3. ఇది శాశ్వత పద్ధతి. ఇక పిల్లలు వద్దని గట్టిగా అనుకున్నాకే రండి. ఇందులో బలవంతం లేదు.

ఆడవారి ఆపరేషనుకు పొట్ట మీద కోత పెట్టాలి. మగవారిది అంతకంటే తేలిక. ఆలుమగలిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.