పాల కొట్టంలో పని – చేతిలో లెక్క పుస్తకం



మీ ఇంట్లో ఎనుముకు మేత వేసేది ఎవరు? పేడ ఎత్తేది ఎవరు? పాలు పితికేది ఎవరు? చాలా ఇళ్లలో ఈ పనులు ఆడవాళ్లవే. కానీ "నువ్వేం పని చేస్తావమ్మా?" అని ఎవరైనా అడిగితే, "ఏం లేదు, ఇంట్లోనే ఉంటా" అంటాం.

అదే పని ఇంకొకరి కొట్టంలో చేస్తే దానికి జీతం ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పది, ఇరవై ఎనుములు పెట్టుకుని పాలు అమ్మేవాళ్లు ఉన్నారు. అట్లాంటి చోట పనిలో చేరడానికి పెద్ద చదువు అక్కరలేదు. పశువంటే భయం ఉండకూడదు. పొద్దున్నే లేవాలి. అంతే.

అయితే ఒక ఎనుమును చూసుకోవడం వేరు. ఇరవై ఎనుములను చూసుకోవడం వేరు. ఒకటైతే దాని సంగతి అంతా మనసులో ఉంటుంది. ఇరవై అయితే ఉండదు. రాసుకోవాలి. ఇప్పుడు మీకు చదవడం, రాయడం వచ్చు. అది పాల కొట్టంలో ఎట్లా పనికి వస్తుందో ఈ పాఠంలో చూద్దాం.

1. పొద్దున పని

కొట్టంలో పని తెల్లవారక ముందే మొదలవుతుంది. మొదట పేడ ఎత్తాలి. నేల కడగాలి. తర్వాత పాలు పితకాలి. పాలు కేంద్రానికి పోయాక మేత, నీళ్లు, కడగడం. మధ్యాహ్నం కొంచెం తీరిక. సాయంత్రం మళ్లీ పాలు.

ముందు శుభ్రం, తర్వాతే పాలు. ఎందుకు? పేడ ఉన్న నేల మీద ఎనుము పడుకుంటే పొదుగుకు మురికి అంటుతుంది. ఆ మురికి పాలలో పడుతుంది. పాలు విరిగిపోతాయి. పొదుగు వాపు కూడా వస్తుంది.

2. పాలు పితికే పద్ధతి

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పొదుగును నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడవాలి. దూడను వదిలినా, పొదుగును మెల్లగా నిమిరినా ఎనుము చేపుతుంది. చేపు ఎక్కువసేపు ఉండదు. ఐదు నుంచి ఏడు నిమిషాల్లో పితకడం అయిపోవాలి. మధ్యలో ఆపి మాటలు పెట్టుకుంటే పాలు పొదుగులోనే నిలిచిపోతాయి. అరిచినా, కొట్టినా ఎనుము చేపదు.

పిడికిలితో పితకాలి. బొటనవేలు మడిచి లాగితే చన్నుకు దెబ్బ తగులుతుంది. మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలో పట్టి చూడాలి. గడ్డలు, పీచులు, నెత్తురు చార కనిపిస్తే పొదుగు వాపు అని అనుమానించాలి. ఆ ఎనుమును చివరగా పితకాలి. ఆ పాలు మంచి పాలలో కలపకూడదు.

చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ. చాలా కేంద్రాల్లో పాలకు ధర కట్టేది వెన్న శాతాన్ని బట్టే. అందుకే పొదుగు ఖాళీ అయ్యేదాకా పితకాలి. పితికాక అరగంట ఎనుమును పడుకోనివ్వకూడదు. అప్పటికి చన్ను రంధ్రం ఇంకా మూసుకోదు. ముందర కాస్త మేత వేస్తే అదే నిలబడి తింటుంది.

3. మేత, నీళ్లు

మన వైపు ఎండలు ఎక్కువ. పచ్చిమేత తక్కువ. వరిగడ్డి, జొన్నచొప్ప, శెనక్కాయ కట్టె మీదే చాలా కాలం గడుస్తుంది. ఎండుమేత తినే ఎనుముకు నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి. పాలిచ్చే ఎనుము వేసవిలో రోజుకు 60 నుంచి 80 లీటర్ల దాకా తాగుతుంది. నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఎనుముకు చెమట తక్కువ. ఒళ్లు నల్లన. ఎండకు తట్టుకోలేదు. వేసవిలో దాని మీద నీళ్లు చల్లాలి.

దాణాకు ఒక లెక్క ఉంది. ఒంటి పోషణకు రోజుకు ఒక కిలో. ఆ పైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఇంకో కిలో. ఎనిమిది లీటర్లు ఇచ్చే ఎనుముకు ఎంత? 1 + 4 = 5 కిలోలు. రెండు పూటలకు పంచి పెట్టాలి.

గడ్డి కత్తిరించే మిషను దగ్గర జాగ్రత్త! కొంగు నడుముకు బిగించి దోపండి. జడ ముడి వేయండి. గాజులు, గుడ్డలు మిషనులో చిక్కుకుంటే చెయ్యి పోతుంది. గడ్డి ఇరుక్కుంటే ముందు స్విచ్చి ఆపండి. చక్రం పూర్తిగా నిలిచాకే చెయ్యి పెట్టండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

4. ఎద, చూడి, ఈత

ఎనుము సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. ఆవు లాగా అది ఎక్కువగా అరవదు. ఎద గుర్తులు రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువగా కనిపిస్తాయి. ఆ వేళ కొట్టంలో ఉండేది మీరే. తీగ కనిపిస్తే వెంటనే రాయండి. తేదీ, పూట, ఏ ఎనుము. పొద్దున ఎదకు వస్తే సాయంత్రం సూది వేయించాలి. సాయంత్రం వస్తే మరుసటి పొద్దున. ఒక్కసారి తప్పితే ఇంకో 21 రోజులు ఆగాలి. అన్ని రోజుల మేత ఖర్చు నష్టమే.

సూది వేయించిన తేదీ రాసి ఉంటే ఈత ఎప్పుడో తెలుస్తుంది. ఎనుముకు సుమారు 310 రోజులు. అంటే పది నెలల పది రోజులు. ఈతకు రెండు నెలల ముందే పాలు మానిపించాలి. అప్పుడే పొట్టలో దూడ బాగా ఎదుగుతుంది.

దూడ పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగించాలి. మాయ పడేదాకా తాగించకూడదని కొందరు అంటారు. అది తప్పు. దూడకు రోగాలను తట్టుకునే శక్తి ఇచ్చేది జున్నుపాలే. ఆలస్యమైతే ఆ శక్తి ఒంటికి పట్టదు. దూడ బరువులో పదో వంతు పాలు రోజుకు కావాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు.

5. మన ఒళ్లు మనం కాపాడుకోవాలి

కొన్ని ఎనుములు నెలలు నిండక ముందే ఈసుకుపోతాయి. దానికి ఒక కారణం బ్రూసెల్లా అనే రోగం. ఇది పశువు నుంచి మనిషికి వస్తుంది. పడిపోయిన పిండం, మాయ, మైల నీళ్లు వట్టి చేతులతో ముట్టుకుంటే అంటుకుంటుంది. పచ్చిపాలు తాగినా వస్తుంది.

ఈ రోగం వచ్చినవారికి జ్వరం వచ్చిపోతూ ఉంటుంది. చెమటలు పడతాయి. కీళ్లు, నడుము నొప్పులు. ఏదో మామూలు జ్వరమని నెలల తరబడి బాధపడేవాళ్లు ఉంటారు. అట్లాంటి జ్వరం ఉంటే "నేను ఎనుముల దగ్గర పని చేస్తాను" అని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు సరైన పరీక్ష చేయిస్తారు.

ఈత దగ్గర చేతికి తొడుగులు అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. అవి ఇచ్చేంత వరకు మాయ ముట్టుకోకండి. కడుపుతో ఉన్న ఆడవాళ్లు అసలు ఈ పనికి పోకూడదు. పడిన పిండాన్ని, మాయను లోతు గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కుక్కలకు వేయకూడదు. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు ఈ రోగం రాకుండా టీకా ఉంది. గాలికుంటుకు ఆరు నెలలకు ఒకసారి టీకా వేస్తారు. వేసిన తేదీలు రాసుకోండి.

పశువుకు జబ్బు చేస్తే 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మన రాష్ట్రంలో 2022 మే నెలలో పశువుల అంబులెన్సులు మొదలయ్యాయి. ప్రొద్దుటూరులో 2008 లో పశువైద్య కళాశాల కూడా వచ్చింది.

6. పుస్తకంలో ఏం రాయాలి?

ఎనుము చెవికి పసుపు బిళ్ల ఉంటుంది. దాని మీద 12 అంకెలు ఉంటాయి. ఏ రెండు పశువులకూ ఒకే నంబరు ఉండదు. చివరి నాలుగు అంకెలు చదివి రాసుకుంటే చాలు.

ఒక ఎనుము పాల లెక్క చూడండి:

సోమవారం: పొద్దున 5, సాయంత్రం 4. మొత్తం 9 లీటర్లు.
మంగళవారం: పొద్దున 4, సాయంత్రం 4. మొత్తం 8 లీటర్లు.
బుధవారం: పొద్దున 3, సాయంత్రం 3. మొత్తం 6 లీటర్లు.

మూడు రోజుల్లో మూడు లీటర్లు తగ్గింది. ఎందుకు? జ్వరమా? పొదుగు వాపా? నీళ్లు చాలలేదా? లెక్క రాసిన మనిషికే ఈ అనుమానం వస్తుంది. రాయకపోతే ఎనుము పడిపోయేదాకా తెలియదు.

మందు సూది వేసిన ఎనుము పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో డాక్టరును అడిగి రాయండి. ఆ మందు పాలలో దిగుతుంది. ఆ పాలు పిల్లలు తాగుతారు.

7. జీతం లెక్క

కొత్తగా పనిలో చేరిన చెల్లెలు, పాత మనిషైన అక్క మాట్లాడుకుంటున్నారు.

"అక్కా, నెల జీతం ఇచ్చినారు. కానీ తక్కువొచ్చినట్టుంది."

"ఎన్ని దినాలు రాలేదు అమ్మీ?"

"నాలుగు దినాలు."

"అడ్వాన్సు తీసుకున్యావా?"

"రెండు వేలు."

"పుస్తకం తియ్. జీతం పన్నెండు వేలు. ముప్పై దినాలకు పంచితే దినానికి నాలుగు వందలు. నాలుగు దినాలకు పదహారు వందలు. దానికి రెండు వేలు కలుపు."

"మూడు వేల ఆరు వందలు. పన్నెండు వేలలో తీసేస్తే ఎనిమిది వేల నాలుగు వందలు రావాల. నాకు ఏడు వేల నాలుగు వందలే ఇచ్చినారక్కా!"

"సరే, పుస్తకం తీసుకొని పోయి అడుగు. నోటిమాటగా అడిగితే 'నీకు గుర్తులేదులే' అంటారు. రాసింది చూపిస్తే చూడాల్సిందే."

ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికే. మీ జీతం మీరు వేసి చూసుకోండి.

ఇంకో మాట. జీతం తీసుకునేటప్పుడు వేలిముద్ర వేసే కాలం మనకు పోయింది. సంతకం పెట్టే ముందు అక్కడ రాసిన అంకె చదవండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

ఒకే పనికి మగవాళ్లకు ఎక్కువ, ఆడవాళ్లకు తక్కువ ఇవ్వకూడదని 1976 లోనే చట్టం వచ్చింది. 2019 వేతనాల చట్టంలోనూ ఆ మాట ఉంది. అడ్వాన్సు ఇచ్చామని మనిషిని కట్టిపెట్టి పని చేయించుకోవడం నేరం. వెట్టిచాకిరిని నిషేధించిన చట్టం కూడా 1976 లోనే వచ్చింది.

1998 నుంచి పాల ఉత్పత్తిలో మన దేశమే ప్రపంచంలో మొదటిది. ఆ పాలలో ఎక్కువ భాగం వెనుక ఆడవాళ్ల చేతులు ఉన్నాయి. పాల లెక్క ఎప్పటినుంచో రాస్తున్నారు. మన పని లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. ఇక మీద మనమే రాద్దాం.

కొత్త మాటలు చదవండి

చేపు, పొదుగు, జున్నుపాలు, దాణా, చూడి, మాయ, టీకా, అడ్వాన్సు, సంతకం, వేతనం.

ఆలోచించి చెప్పండి

1. పితికిన వెంటనే ఎనుమును ఎందుకు పడుకోనివ్వకూడదు?
2. మాయను వట్టి చేతులతో ఎందుకు ముట్టుకోకూడదు?
3. ఎనుముకు 10 లీటర్ల పాలు ఉంటే దాణా ఎన్ని కిలోలు?
4. మీ ఊళ్లో ఒకే పనికి ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకే కూలి ఇస్తున్నారా?

చేయండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. మొదటి పేజీలో మీ పేరు రాయండి. వారం రోజులు మీ ఇంటి ఎనుము పాల లెక్క రాయండి. ఎనుము లేనివాళ్లు మీరు చేసిన పని, వచ్చిన కూలి రాయండి. వచ్చే వారం కేంద్రానికి ఆ పుస్తకం తెచ్చి అందరికీ చదివి వినిపించండి.