కెపాసిటర్ కొనే ముందు

చిరంజీవి కార్తీక్‌కు,

నీ స్ట్రాటోకాస్టర్ గిటార్ మోత చెవికి గుచ్చుకుంటోందని, అందుకని వేలు పోసి ఏదో పాతకాలపు ఆయిల్ పేపర్ కెపాసిటర్ తెప్పిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. డబ్బు కట్టకముందే ఇది చదువు.

టోన్ నాబ్ ట్రెబుల్‌ని కెపాసిటర్ గుండా గ్రౌండ్‌కి పంపేస్తుంది. అంతే దాని పని. నాబ్ పది మీద ఉంటే మధ్యలో 250 కిలో ఓముల అడ్డు ఉంటుంది కాబట్టి, ఏ కెపాసిటర్ వేసినా తేడా దాదాపు వినపడదు. నువ్వేమో ఎప్పుడూ పది మీదే పెట్టి వాయిస్తావు. మరి ఆ ఖర్చు ఎవరి కోసంరా?

చూడాల్సింది కెపాసిటర్ మీది అంకె. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినప్పుడు ఫెండర్ వాళ్లు 0.1 మైక్రోఫారడ్ వేశారు. తర్వాత్తర్వాత 0.05కి, 0.022కి దిగారు. 0.1తో నాబ్ పూర్తిగా మూస్తే దుప్పటి కప్పి వాయించినట్టు ఉంటుంది. 0.022తో సుమారు 700 హెర్ట్జ్ దగ్గర చిన్న ఉబ్బు మిగులుతుంది, సోలోకి బావుంటుంది. 0.0047 వేస్తే గిటార్ ముక్కుతో పలుకుతుంది. నాకైతే అదే ఇష్టం, మీ అత్తకి అస్సలు పడదు.

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి పైన చెప్పిన విలువలకి వరుసగా 104, 473, 223, 472 అని రాసున్న ఫిల్మ్ కెపాసిటర్లు ఒక్కొక్కటి అడుగు. కొద్ది రూపాయల్లో పని అయిపోతుంది. 600 వోల్టులవి అంటగడితే తీసుకోకు, గిటార్ సిగ్నల్‌కి 50 వోల్టులవే ఎక్కువ. తీగలు వదులు చేసి పిక్‌గార్డ్ విప్పు. పాత కెపాసిటర్ ఊడదీసి, అది ఉన్న రెండు చోట్ల నుంచి వైర్లు బయటికి లాగి, చివర్లకి క్రొకడైల్ క్లిప్పులు తగిలించు. పిక్‌గార్డ్ మళ్లీ బిగించి తీగలు శ్రుతి చేసుకో. ఒక్కో కెపాసిటరూ క్లిప్పుల మధ్య పెట్టి, నాబ్ అటూ ఇటూ తిప్పుతూ విను. నచ్చినదాన్నే సోల్డర్ చెయ్యి.

నీ గుచ్చుకునే మోతకి ముందు నాబ్ ఏడుకి తగ్గించి చూడు. పది మీదే ఉంచాలంటే, జాక్ దగ్గర సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1000 పికోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెట్టు. నాలుగు కిలోహెర్ట్జ్ దగ్గరున్న పదును రెండున్నర దాకా దిగుతుంది. పొడుగాటి కేబుల్ చేసేదీ ఇదే, మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు కలుపుతుంది. జిమీ హెండ్రిక్స్ స్ప్రింగులా చుట్టిన పొడుగాటి కేబుల్ వాడేవాడు, ఆ మెత్తదనంలో దానికీ వాటా ఉంది.

కేబుల్ పీకేశాక గిటార్ ఎంతైనా విప్పుకో, షాక్ కొట్టదు. మీ బ్యాండ్‌లోని ట్యూబ్ యాంప్ మూత మాత్రం తియ్యకు. ప్లగ్ పీకినా దాని కెపాసిటర్లలో వందల వోల్టులు నిలవుంటాయి.

మీ మావయ్య