మన పళ్లెంలోని అన్నము, మన కుక్క ప్రాణము



ఈ శీర్షికలో ఎప్పుడూ మనుషుల ఆరోగ్యము గురించే వ్రాస్తున్నాము. ఈసారి ఇంటి కుక్క గురించి వ్రాయడానికి కారణమున్నది.

మా నర్సుల క్వార్టర్స్ వద్ద జిమ్మీ అనే కుక్క ఉండేది. రాత్రి డ్యూటీ దిగి వచ్చే విద్యార్థినులకు అదే తోడు. 2014 డిసెంబరులో క్రిస్మస్ కేకు కోసము ఎండుద్రాక్ష కడిగి, గుడ్డ మీద ఆరబెట్టాము. జిమ్మీ సగము తినేసింది. "పండేగా, ఏమవుతుంది" అని నవ్వుకున్నాము. ఆ రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుంది. మర్నాడు అన్నము ముట్టలేదు. మూడో రోజు తీసుకువెళ్తే పశువుల డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "మూత్రము పోస్తోందా?" అని. మాలో ఒక్కరికీ తెలియదు. వార్డులో ప్రతి రోగికి ఎంత తాగారు, ఎంత మూత్రము పోశారు అని చార్టు వ్రాసేవాళ్లము మేమే! కిడ్నీలు దెబ్బతిని జిమ్మీ ఐదో రోజు చనిపోయింది.

ద్రాక్ష, ఎండుద్రాక్ష ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేము. ఒకటి గుప్పెడు తిని బాగానే ఉంటుంది, ఇంకొకటి కొద్దిగా తిని మంచాన పడుతుంది. ఎందుకో చాలాకాలము తెలియలేదు. 2021లో అమెరికా పశువైద్యులు ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణము కావచ్చునని చెప్పారు. ఆ ఆమ్లము మన చింతపండులోనూ దండిగా ఉన్నది. చింతపండు తిన్న కుక్కలకు కిడ్నీలు దెబ్బతిన్నట్లు కూడా వారు గమనించారు. కాబట్టి మిగిలిన పులిహోర, పులుసన్నము కుక్క గిన్నెలో వేయకండి.

మన వంటింట్లో అంతకంటె పెద్ద శత్రువు ఉల్లిపాయ. అది కుక్క ఎర్ర రక్తకణములను పగులగొడుతుంది. కిలో బరువుకు 15 నుండి 30 గ్రాములు చాలు. అంటే 10 కిలోల కుక్కకు రెండు మూడు ఉల్లిపాయలు. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా విషము పోదు. రోజూ కొంచెము కొంచెము తిన్నా హాని పేరుకుంటుంది. వెల్లుల్లి ఇంకా ఘాటైనది. లక్షణములు వెంటనే రావు. కొన్ని రోజులకు చిగుళ్లు పాలిపోతాయి, ఆయాసము వస్తుంది, మూత్రము కాఫీ రంగులో పోస్తుంది. "మా కుక్క పదేళ్లుగా సాంబారన్నమే తింటోంది" అంటారు కొందరు. బీడీలు తాగే తాతగారు ఎనభై ఏళ్లు బ్రతికారన్నట్లే ఉంటుంది ఆ మాట.

చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ మన ఒంట్లో నుండి త్వరగానే పోతుంది. కుక్క ఒంట్లో సగము పోవడానికే 17 గంటలకు పైగా పడుతుంది. అందుకే వాంతులు, గుండెదడ, ఎక్కువైతే ఫిట్స్. చాక్లెట్ ఎంత నల్లగా, చేదుగా ఉంటే అంత ప్రమాదము.

ఇంట్లో షుగరు ఉన్నవారు ఒకటి గమనించాలి. చక్కెర లేని చూయింగ్ గమ్ములు కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థము ఉంటుంది. అది మనకు ఏమీ చేయదు. కుక్కకు మాత్రము ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరి, తరచుగా గంటలోపే రక్తములో చక్కెర పడిపోతుంది. తూలుతుంది, పడిపోతుంది. తర్వాత లివరు కూడా దెబ్బతినవచ్చును. అట్టి కుక్క చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇటువంటివేవి తిన్నా లక్షణములు కనబడేదాకా ఆగకండి. మొదటి రెండు గంటలలోపు తీసుకువెళ్తే డాక్టరుగారు వాంతి చేయించి చాలావరకు బయటకు తీయగలరు. ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత అన్నవి చెప్పండి. కాగితము, డబ్బా వెంట తీసుకువెళ్లండి. ఇంట్లో ఉప్పు నీళ్లు తాగించవద్దు. ఆ ఉప్పే విషమవుతుంది. మగతగా ఉన్నదాని నోట్లో ఏమీ పోయకండి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ వేయకండి, అదీ ప్రమాదమే.

మా క్వార్టర్స్‌లో ఇప్పుడు ఇంకొక కుక్క ఉన్నది. దాని అన్నము, ఉడికిన గుడ్డు మా కూరలు కలపక ముందే వేరే గిన్నెలోకి తీస్తాము. ఎండుద్రాక్ష డబ్బా పై అరలో ఉంటుంది.