అడగడానికి మొహమాటమెందుకు?

వరంగల్ డర్రీలకు, అంటే నేత తివాచీలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు చెప్పి ఊరు దాటి అమ్ముకోవాలంటే వెబ్‌సైట్ ఉండాలని వరంగల్ కొత్తవాడలో డర్రీలు అమ్మే ఏ దుకాణదారుకైనా అనిపిస్తుంది. తర్వాత జరిగేది తెలిసిందే. "మా బావమరిది క్లాస్‌మేట్ చేస్తాడట, మనవాడే" అంటారెవరో. మనవాడు అన్నాక పాత పని చూపించమనలేం, ఆలస్యమైతే నిలదీయలేం. వెబ్‌సైట్ చేసిపెట్టే ఫ్రీలాన్సర్ విషయంలో చాలామంది దెబ్బతినేది కంప్యూటర్ రాక కాదు, మొహమాటం వల్ల.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనేవాడికి ఆ బాధ లేదు. బస్తాలోకి చెయ్యి పెట్టి, కాయ తీసి, విరిచి చూశాకే ధర మాట. డెవలపర్ దగ్గరా అంతే. అతను చేసిన సైట్‌ను అతని ల్యాప్‌టాప్‌లో కాదు, మీ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరవండి. ఫొటోలు రావడానికి ఎంతసేపు పడుతోంది? తెలుగు ఒత్తులు విడిపోకుండా కనిపిస్తున్నాయా? నంబర్ మీద వేలు పెడితే కాల్ వెళ్తోందా? ఇవి చూడటానికి కోడింగ్ రానక్కర్లేదు. "ఇందులో మీరు చేసిందెంత?" అనీ అడగండి. రెడీమేడ్ థీమ్ వాడటం తప్పు కాదు. థీమ్ వాడి, అంతా నేనే రాశానంటేనే అనుమానించాలి. వీలైతే ఆ సైట్ యజమానికి ఫోన్ చేసి, సైట్ ఆగిపోయిన రోజు ఇతను ఫోన్ ఎత్తాడో లేదో కనుక్కోండి. వరంగల్ నిట్‌లో చదివాడన్న మాట ఈ ప్రశ్నకు జవాబు కాదు.

అడిగే ధైర్యం రావాలంటే మనకేం కావాలో మనకు తెలియాలి. "అమెజాన్‌లా ఉండాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎన్ని రకాల డర్రీలు, ఏ సైజులు, ధరలు, ఆర్డర్ వాట్సాప్‌లోనా సైట్‌లోనా అని కాగితం మీద పెట్టండి. ముందు ఒక్క పేజీ చేయించి చూడండి, దానికి డబ్బిచ్చి. ఉచితంగా శాంపిల్ చేయించుకోవడం మర్యాద కాదు.

ఒప్పందం రాతలో ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఫ్రీలాన్సర్ రాసిన కోడ్‌కు మొదటి హక్కుదారు రాసినవాడే, డబ్బిచ్చిన మీరు కాదు. హక్కు మీకు రావాలంటే అతను సంతకం చేసి రాసివ్వాలి. అందులో కాలపరిమితి రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం అది అయిదేళ్లకే చెల్లుతుంది. డొమైన్ మీ పేరున, మీ ఈమెయిల్‌తోనే కొనాలి. అతని ఖాతాలో ఉంటే, మాటామాటా వచ్చిన రోజు మీ దుకాణం చిరునామా అతని చేతిలో ఉంటుంది. డబ్బు పనిని బట్టి విడతలుగా ఇవ్వండి. రేపు ఒక డర్రీ ధర మార్చాలంటే మీరే మార్చుకోగలరా, ప్రతిసారీ అతన్నే పిలవాలా, పిలిస్తే ఎంత తీసుకుంటాడు అన్నవి అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోండి.